పెన్నీ బ్యాంకు, మన పొదుపు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మేము పెద్ద చదువులు చదివిన వాళ్లం కాదు. సంఘం లెక్కలు రాయడం తెలుసు, అంతే. ఈ రోజు ఒక బ్యాంకు సంగతి చెప్తాం.

కరీబియన్ సముద్రంలో గ్రెనడా అని ఒక దీవి దేశం ఉంది. మొత్తం 344 చదరపు కిలోమీటర్లు, జనం లక్ష పైచిలుకు. జాజికాయ వాళ్ల ముఖ్య పంట. జెండా మీద కూడా జాజికాయ బొమ్మే.

ఆ దేశం బ్రిటిష్ వాళ్ల కింద ఉన్న కాలంలో అక్కడ బార్‌క్లేస్ లాంటి బయటి బ్యాంకులదే పెత్తనం. తోటల దొరలకు, పెద్ద వర్తకులకు అవి పనికొచ్చేవి. కూలివాడి చిల్లర ఎవరికి కావాలి? అట్లాంటప్పుడు 1932లో స్థానికులే గ్రెనడా కో-ఆపరేటివ్ బ్యాంకు పెట్టుకున్నారు. ఒక్క పెన్నీ తెచ్చినా జమ చేసుకునేవాళ్లు. పెన్నీ అంటే అప్పటి లెక్కలో పౌనులో 240వ వంతు. అందుకే జనం దాన్ని పెన్నీ బ్యాంకు అన్నారు.

ఆ దీవి చూడని కష్టం లేదు. 1955లో జానెట్ తుఫాను. 1974లో స్వాతంత్ర్యం. 1979లో విప్లవం, 1983లో అమెరికా సేనలు దిగినాయి. 2004లో ఐవన్ తుఫానుకు పదిళ్లలో తొమ్మిదిళ్లు దెబ్బతిన్నాయి, జాజి తోటలు కూలిపోయాయి. బ్యాంకు మాత్రం నిలబడింది.

ఇంకా వినండి. బార్‌క్లేస్ కరీబియన్ వ్యాపారం, ఒక కెనడా బ్యాంకు వ్యాపారం 2002లో కలిసి ఫస్ట్ కరీబియన్ అయింది. ఆ బ్యాంకు గ్రెనడా వదిలి పోతుంటే, 2023లో దాని వ్యాపారం కొన్నది ఎవరనుకున్నారు? మన పెన్నీ బ్యాంకే! పెన్నీలతో మొదలైన బ్యాంకు పెద్ద బ్యాంకు గల్లాను కొనేసింది.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, మన సంఘంలో పొదుపు ఏటేటా తగ్గుతోంది. ఆర్డర్లు లేని నెలలో ఇంటి ఖర్చుకు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతున్నాం. తర్వాత నేసిన కూలి వడ్డీకే పోతోంది. పిల్లలు మగ్గం వద్దంటున్నారంటే వాళ్ల తప్పా?

మేము అడిగేది మూడే మాటలు. వారం వారం బట్ట అప్పజెప్పి కూలి తీసుకునేటప్పుడు పది రూపాయలైనా సంఘంలో వేయండి. పాసుపుస్తకంలో ఇంటి ఆడవాళ్ల పేరు కూడా ఉండాలి, ఆసు తోడేది, కండెలు చుట్టేది వాళ్లే కదా. మూడోది మా బాధ్యత: నెలకోసారి జమా ఖర్చులు అందరి ముందు చదివి వినిపిస్తాం. అప్పు తీసుకున్నవాళ్లు గడువుకు కట్టాలి, మేము లెక్క దాచకూడదు. ఈ రెండూ లేకపోతే ఏ సంఘమూ నిలవదు.

ఒక్క పోగుతో బట్ట కాదు. పోగు పక్కన పోగు చేరితేనే పడుగు. పైసా కూడా అంతే.