సైకిల్ చైను మాటిమాటికీ ఊడిపోతోందా?

బెల్లానికి పేరున్న మన అనకాపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు సైకిల్ చైను గురించి చెప్పుకుందాం. చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ 16వ నంబరు జాతీయ రహదారి దాటుతూ పెడల్ మీద బలంగా తొక్కినప్పుడు చైను ఊడితే, కాలు ఒక్కసారిగా జారి మనిషి లారీల మధ్యలో పడిపోవచ్చు. బడికెళ్ళే పిల్లల సైకిళ్ళు అందుకే ముందు చూడాలి.

మామూలు సైకిలుకి ముందు ఒకటే పళ్ళ చక్రం, వెనక ఒకటే ఫ్రీవీలు. చైను పక్కకి జరగాల్సిన పనే లేదు. అయినా ఊడుతోందంటే కారణాలు ముఖ్యంగా మూడు: లూజు, అరుగుదల, వంకర.

మొదటిది లూజు. కింది చైను మధ్యలో వేలితో పైకీ కిందకీ కదిపి చూడండి. సుమారు అరంగుళం కదిలితే సరిపోతుంది. పెడల్ కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే పళ్ళ చక్రం అచ్చంగా గుండ్రంగా ఉండకపోవచ్చు. లూజుంటే వెనక చక్రం నట్లు రెండూ వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, ఫ్రేముకి సరిగ్గా మధ్యలో ఉంచి బిగించండి. చక్రం జరిగింది కదా, బ్రేకు రబ్బర్లు రిమ్ముకి సరిగ్గా తగులుతున్నాయో లేదో తప్పకుండా చూసుకోండి. మరీ బిగించొద్దు, తొక్కడం బరువవుతుంది, బేరింగులు పాడవుతాయి.

రెండోది అరుగుదల. చైను సాగింది అంటాం గానీ, నిజానికి ఇనుము సాగదు, లోపల పిన్నులు అరుగుతాయి. కొత్త చైనులో 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు. అది 12 అంగుళాల మీద ఎనిమిదో వంతు దాటితే చైను మార్చేయాలి. ఒక లింకు తీసేసి పొట్టి చేస్తే లూజు తగ్గుతుందేమో గానీ, అరిగిన చైను పళ్ళ మీద సరిగ్గా కూర్చోదు. పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే అవి కూడా మార్చాల్సిందే.

మూడోది వంకర. సైకిల్ వెనక నిలబడి చూడండి. చైను తిన్నగా నడవాలి. పళ్ళ చక్రం అటూ ఇటూ ఊగుతుంటే అది వంగిందో, పెడళ్ళ ఇరుసు వదులైందో అన్నమాట. ఇది మెకానిక్కుకి చూపించండి.

వెనక గేర్లున్నా ముందు ఒకటే చక్రం ఉండే సైకిళ్ళు కూడా ఇప్పుడొచ్చాయి. వాటికి ఒక పన్ను సన్నం, పక్కది వెడల్పు. లింకులు కూడా అలాగే ఒకటి విడిచి ఒకటి వెడల్పు కాబట్టి చైనుని పట్టి ఉంచుతాయి. చైను ఎక్కించేటప్పుడు వెడల్పు పన్ను వెడల్పు లింకులోనే పడేలా చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. చక్రం తిరుగుతుండగా చైను దగ్గర వేలు పెట్టొద్దు, పిల్లల్ని పెట్టనివ్వొద్దు. ఈ ఆదివారం ఇంట్లో సైకిలు ఒకసారి తిరగేసి చూడండి. ఉంటానండి.