అటక మీది వాల్వు రేడియో

అటక మీద తాతగారి నాటి మర్ఫీయో, బుష్షో, ఫిలిప్సో వాల్వు రేడియో దొరికిందా? దుమ్ము దులపండి గానీ, వెంటనే ప్లగ్గు పెట్టకండి.

ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్టులో ముందు అనుమానించాల్సింది కెపాసిటర్లని. పాపం, జనం వాల్వులనే తిడతారు. అవి చాలాసార్లు బాగానే ఉంటాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతే గుయ్యిమని హోరు వస్తుంది. మైనం పూసిన పాత కాగితపు కెపాసిటర్లతో ముప్పు ఇంకా ఎక్కువ. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకి వెళ్లేది లీకైతే ఆ వాల్వూ, దాని ట్రాన్స్‌ఫార్మరూ మాడిపోవచ్చు. దాన్ని పరీక్షిస్తూ కూర్చోకుండా మార్చేయడమే మేలు. విలువ అంతే ఉండాలి, వోల్టేజి తగ్గకూడదు.

తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టాలి. ఎల్ఈడీ పనికిరాదు. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే. సెట్టులో 200 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది; ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉండొచ్చు. ఏసీ-డీసీ సెట్లలో ఛాసిస్‌కే కరెంటు తగలొచ్చు. మీటరు వాడటం రానివారు ఈ పని మెకానిక్కుకే వదిలేయండి.

విప్పి బయటపెట్టిన స్పీకరుతో ఆ భయం లేదు. 1.5 వోల్టుల సెల్లు తాకిస్తే టక్కుమందా, కాయిలు బతికే ఉంది. కోను చిరుగుకి పలుచని టిష్యూ ముక్క, కాస్త నీళ్లు కలిపిన ఫెవికాల్ చాలు. దట్టంగా పూశారో, కోను బిగిసిపోయి గొంతు మారిపోతుంది.

సెట్టు పలికాక బారెడు ఏరియల్ వైరు కట్టి మీడియం వేవ్ పట్టండి. పక్కన మొబైలు ఛార్జరు ఉంటే గరగర వస్తుంది, తీసేయండి.