నేల కుంగకముందే కొలత మన చేతికి రావాలి

(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లాలో బొగ్గు లేదు కదా, సింగరేణి మాట ఇక్కడెందుకని కొందరు అడిగారు. గుడిపల్లె మండలంలో చిగరగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. కోలారు గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే వీటినీ నడిపింది. ఆ సంస్థ 2001లో మూతపడింది. తర్వాత వేలంలో ఈ గనులు ఎన్‌ఎండీసీకి దక్కాయి. కింద తవ్వేచోట పైనున్న రైతు ఏం చూసుకోవాలో సింగరేణిని చూసి నేర్చుకోవాలి. ఇల్లెందులో 1889 నుంచే అక్కడ బొగ్గు తీశారు.

బొగ్గు తీసేటప్పుడు కప్పు పడకుండా బొగ్గునే స్తంభాలుగా వదులుతారు. చివరికి ఆ స్తంభాలూ తీస్తూ వెనక్కి వస్తారు. ఖాళీలో ఇసుక నింపితే పైనేల కుంగేది తక్కువ. నింపకుండా కప్పును కూలనిస్తే కుంగేది ఎక్కువ. నేల పళ్లెంలా దిగుతుంది. నడుమ నీళ్లు నిలుస్తాయి, అంచుల్లో బీటలు వారతాయి. మడికి కట్టిన నీళ్లు ఆ బీటల్లోకి పోతాయి.

కుంగుడు తవ్విన చోటుతో ఆగదు. 200 మీటర్ల లోతున తవ్వి, కుంగుడు 20 డిగ్రీల వాలున పైకి వస్తే, అంచు దాటి 70 మీటర్ల దాకా నేల కదులుతుంది. గనిపైన లేని రైతుకూ నష్టం రావచ్చు.

దీన్ని కొలవడానికి తవ్వకం మొదలయ్యేముందే సిమెంటు రాళ్లు వరుసగా పాతుతారు. తవ్వే దిశలో ఒక వరుస, దానికి అడ్డంగా ఒక వరుస. కదలని చోట బెంచ్‌మార్కు పెట్టి, అక్కడి నుంచి ప్రతి రాయి మట్టం తీస్తారు. తవ్వుతున్నప్పుడు, తవ్వాక, నేల కుదుటపడేదాకా మళ్లీ మళ్లీ తీస్తారు. మొదటి మట్టం లేకుంటే తర్వాత తీసిన వంద మట్టాలూ దండగే. ఎంత కుంగిందో ఎవరూ చెప్పలేరు. మీ చేనులో అలాంటి రాయి ఉంటే దుక్కి దున్నేటప్పుడు పెకలించకండి. అది మీ సాక్ష్యం.

మన దగ్గర రాయి గట్టిది. బొగ్గు గనిపైన కుంగినట్టు ఇక్కడ పళ్లెంలా కుంగదు. కానీ పాత తవ్వకం నేలకు దగ్గరగా ఉన్నచోట ఉన్నట్టుండి గుంత పడొచ్చు. గనిలో నీళ్లు తోడితే చుట్టూ బోర్లు దిగిపోవచ్చు. వెయ్యి అడుగులు వేసినా నీళ్లు చాలని పడమటి మండలాలకు ఇది చావుబతుకుల సంగతి.

గనులు, ఖనిజాల చట్టం 1957లోని 24ఎ సెక్షన్ ప్రకారం, లీజు భూమిపైనున్న రైతుకు జరిగిన నష్టానికే కాదు, జరగబోయే నష్టానికీ లీజుదారు పరిహారం ఇవ్వాలి. అయితే నష్టం రుజువు కావాలి. అందుకే ఈ పనులు చేద్దాం:

• తవ్వకానికి ముందే రెవెన్యూ సర్వేయరు, కంపెనీ, రైతులు కలిసి మట్టాలు తీయాలి. ఒక నకలు పంచాయతీలో ఉండాలి.

• లీజు హద్దు బయటి పొలాలనూ ఆ కొలతలో చేర్చాలి.

• ప్రతి బోరు లోతు, నీటి మట్టం నెలనెలా నోటుబుక్కులో రాయాలి.

• ఇంటి గోడలు, గెనిమలు, చెరువుకట్టల ఫొటోలు తేదీతో తీసి దాచాలి.

• పాత తవ్వకాల పటం కోసం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాలి.

వచ్చే గ్రామసభలో మొదటి రెండింటినీ తీర్మానంగా పెట్టిద్దాం. బోరు లెక్క రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపే మొదలుపెడదాం.