పత్రికా ప్రకటన: చెప్పవలసింది, చెప్పకూడనిది

(అత్వెల్లిలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కంపెనీల పత్రికా ప్రకటనలతో మనకేం పని అని మీరు అడగవచ్చు. పని స్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ ఉద్యోగిని దానికి అధ్యక్షురాలు. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు. ఒకరు బయటినుంచి రావాలి. అలా బయటి సభ్యులుగా వెళ్ళేది మనమే. "మేడమ్, ప్రకటన కూడా మీరే రాసిపెట్టండి" అని యాజమాన్యం కాగితం మన చేతికే ఇస్తుంది.

"మహిళల భద్రతకు మా సంస్థ కట్టుబడి ఉంది" అని మొదలుపెడితే అందులో వార్త లేదు. సబ్ ఎడిటర్ దాన్ని పక్కన పడేస్తాడు. కమిటీ ఏ తేదీన ఏర్పడింది, అధ్యక్షురాలు ఎవరు, ఫిర్యాదు ఎవరికివ్వాలి - ఇవి మొదటి పేరాలోనే రావాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు అని తర్వాత రాయండి. ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయి చదివి అర్థం చేసుకోగలగాలి.

అంకెలు అడగండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి, 90 రోజులు దాటి ఎన్ని మిగిలాయి అన్నది కంపెనీల బోర్డు నివేదికలో చెప్పాలని 2025 జూలైలో నిబంధన వచ్చింది. "ఒక్క ఫిర్యాదూ లేదు" అంటే సంతోషపడకండి. కమిటీ ఉన్నట్టు అసలు కార్మికులకు తెలుసా అని అడగండి. మనకు దగ్గరలోని బహదూర్‌పల్లిలో పెద్ద ప్రాంగణం కట్టుకున్న సత్యం కంప్యూటర్స్ ప్రకటనలు కూడా చదవడానికి బాగానే ఉండేవి. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ స్వయంగా ఒప్పుకున్నాడు. మంచి వాక్యం నిజానికి హామీ కాదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న యూనిట్‌లో వేధింపుకు గురైన స్త్రీ తరఫున ప్రకటన రాశాను. పేరు రాయలేదు. కానీ ఊరు, షిఫ్టు, ఆమె పనిచేసే విభాగం రాశాను. ఆ షిఫ్టులో ఆ ఊరి మనిషి ఆమె ఒక్కతే. మర్నాటికి బస్సులో అందరికీ తెలిసిపోయింది. నెల తిరక్కుండా ఆమె పని మానేసింది. నేను వెళితే తలుపు తీసి, "అక్కా, మీరు మంచికే రాసిన్రు" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

2013 చట్టం 16వ సెక్షన్ ఇందుకే ఉంది. ఫిర్యాదుదారు, సాక్షులు, ఆరోపణకు గురైన వ్యక్తి - వీరి పేర్లు, చిరునామాలు, ఫిర్యాదులోని విషయం, విచారణ వివరాలు పత్రికలకు ఇవ్వకూడదు. న్యాయం జరిగిందన్న సంగతి మాత్రం ఆమె ఎవరో తెలియకుండా చెప్పవచ్చు.

కాబట్టి పంపే ముందు ప్రకటనను రెండుసార్లు చదవండి. మొదటిసారి విలేకరిలాగా: జవాబుదారీ ఎవరో తెలుస్తోందా? రెండోసారి ఆమె పక్క మిషన్ మీద పనిచేసే మనిషిలాగా: ఆమె ఎవరో తెలిసిపోతోందా? తెలిసిపోతుంటే ఆ వాక్యం ఎంత బలమైనదైనా కొట్టేయండి.