కాలినడకన పారిస్ నగరము



ఒక ఊరిని తెలిసికొనగోరువాడు దాని వీధులలో నడవవలెను. బండిలో పోవువానికి ఊరు కనబడును. నడచువానికి ఊరు పరిచయమగును. ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిస్ అట్టి పరిచయమునకు మిక్కిలి అనువైన నగరము. దాని వైశాల్యము సుమారు 105 చదరపు కిలోమీటర్లు మాత్రమే. చూడదగిన స్థలములు పెక్కు సీన్ నదికి ఇరువైపుల దగ్గరదగ్గరగా నున్నవి. తొందరలేక వీధులు చూచుచు తిరుగువానికి అచ్చటివారు ‘ఫ్లానేర్’ అని ఒక పేరే పెట్టిరి.

నలుగురు మిత్రులు కూడి నడచినచో మరింత మేలు. ఒకడు శిల్పము నొద్ద నిలుచును. ఒకడు పుస్తకముల యొద్ద, ఒకడు రొట్టెల అంగడి యొద్ద ఆగును. ఒకని కన్ను విడిచినదానిని వేరొకని కన్ను పట్టును. మెల్లగా నడచువాని కొరకు తక్కినవారు నిలువవలసి వచ్చును. ఆ నిలిచినప్పుడే అనేక వింతలు కంటబడును.

ఈ నడకను నోత్రదామ్ చర్చి ముంగిట ఆరంభింపవచ్చును. అచ్చట నేలలో ఒక కంచుబిళ్ల పొదుగబడియున్నది. పారిస్ నుండి ఇతర నగరములకు దూరములను ఆ బిళ్ల నుండియే లెక్కింతురు. 1163లో నిర్మాణమారంభమైన ఆ చర్చి 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదమునకు గురియై పైకప్పును, శిఖరమును కోల్పోయెను. పునర్నిర్మాణానంతరము 2024 డిసెంబరులో దాని తలుపులు మరల తెరువబడినవి.

నదిని దాటి దక్షిణపు గట్టు చేరినచో, గట్టుగోడలపై ఆకుపచ్చని పెట్టెలు బారులు తీరియుండును. అవి పాతపుస్తకముల అంగళ్లు. 2024 ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవము నదిపై జరుగనుండగా, భద్రత కొరకు వీనిలో చాలవానిని తాత్కాలికముగా తొలగింప అధికారులు తలపెట్టిరి. పుస్తక విక్రేతలు అందుకు ఎదురునిలిచిరి. తుదకు ఆ ఏడు ఫిబ్రవరిలో దేశాధ్యక్షుడు ఆ యత్నమును మాన్పించెను. పెట్టెలు కదలలేదు.

అచ్చటి నుండి మిట్ట నెక్కిపోగా సాంత్ జెనవియేవ్ గ్రంథాలయము వచ్చును. ఆన్రీ లాబ్రూస్త్ నిర్మించిన ఈ భవనము 1851లో తెరువబడెను. వెలుపలి గోడలపై 810 మంది గ్రంథకర్తల పేర్లు చెక్కబడియున్నవి. విద్యార్థులు చీకటిపడిన పిదపకూడ చదువుకొనుటకై దీనికి ఆదినుండియే గ్యాసు దీపములు అమర్చిరి. పగలెల్ల పనిచేయువానికి రాత్రి దీపము ఎంత యవసరమో పల్లె గ్రంథాలయముల నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మరల నదికి దిగినచో ‘పోన్ నెఫ్’ వంతెన కనబడును. పేరునకు అర్థము కొత్త వంతెన. కాని నేడు పారిస్‌లో నిలిచియున్న వంతెనలలో అదియే మిక్కిలి పాతది. అది 1607లో పూర్తియయ్యెను. నాటి వంతెనలపై ఇండ్లు కట్టుట వాడుక. దీనిపై ఇండ్లు కట్టక, నడచువారికి ఎత్తైన కాలిబాటలు ఏర్పరచిరి. నదిని చూచుచు నడచు భాగ్యము సామాన్యునికి అట్లు లభించెను. ఆ నది కుడిగట్టున కార్లు పరుగెత్తిన రహదారిలో ఒక భాగమును 2016లో పాదచారులకు విడిచిపెట్టిరి.

వంతెన కావల లూవ్ర్ కలదు. ఒకప్పుడది రాజులకోట. విప్లవకాలమున, 1793 ఆగస్టు 10న, దానిని ప్రజల ప్రదర్శనశాలగా తెరచిరి. దానికి కొంత యుత్తరముగా, రిషలియో వీధిలో జాతీయ గ్రంథాలయపు పాత భవనమున్నది. అందలి అండాకారపు విశాలమందిరము మునుపు పరిశోధకులకు మాత్రమే. 2022 సెప్టెంబరు నుండి ఎవరైనను రుసుము లేకయే లోనికి పోయి కూర్చుండి చదువుకొనవచ్చును. ఆ గ్రంథాలయపు భాండారములో తెలుగు వ్రాతప్రతులును భద్రముగా నున్నవి.

ఈ నగరశోభకు మరియొక ముఖమును కలదు. 1853 మొదలు ఓస్మాన్ అను అధికారి పాత సందులను పడగొట్టి విశాలవీధులను తీర్చెను. గాలియు వెలుతురును వచ్చినవి, మురుగుకాలువలు బాగుపడినవి. కాని ఆ సందులలో కాపురమున్న బీదవారు అనేకులు ఊరి అంచులకు పోవలసివచ్చెను. ఆ చెట్లనీడను నడచు మిత్రులు ఆ సంగతిని మరువరాదు.

వంతెన, నదిగట్టు, రాజమందిరము, గ్రంథాలయము: ఇవియెల్ల ఒక్కనాడు తెరువబడినవి కావు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తరము పూనుకొనవలసివచ్చెను. పుస్తకముల పెట్టెలు నిలిచినది, వానిని తమవిగా నెంచినవారు ఉండబట్టియే. పారిస్ వంటి మహానగరమునకు చెల్లిన ఈ మాట పల్లెలోని ఒక్క గది గ్రంథాలయమునకును చెల్లును. తలుపు తెరచుట ఒకనాటి పని. దానిని తెరచియుంచుట నిత్యకృత్యము. సాయంకాలము నలుగురు మిత్రులు కూడి నడచివచ్చి ఇచ్చట పత్రిక విప్పినంతకాలము ఈ తలుపు మూతపడదు.