ఎర్రగుడి బండల మీది మాట

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లాలో ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడి గుట్ట మీద పెద్దపెద్ద బండలు. వాటి మీద అశోక చక్రవర్తి ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కించిన శాసనాలు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటివి.

మొదటి శాసనంలో రాజు తన వంటింటి సంగతే బయటపెట్టాడు. ఒకప్పుడు కూరల కోసం రోజూ లక్షల జీవాలను చంపేవారట. శాసనం రాయించే నాటికి అవి మూడే: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింకయినా రోజూ కాదు. ఇకమీదట ఆ మూడింటినీ చంపబోమని మాట ఇచ్చాడు. ఇంకా పూర్తిగా మానలేకపోయానని ఒప్పుకుని, ఆ ఒప్పుకోలును రాతికెక్కించిన పాలకుణ్ని తలచుకుంటే నాకు చెప్పలేనంత గౌరవం కలుగుతుంది.

రెండో శాసనం వైద్యం గురించి. మనుషులకు వేరుగా, పశువులకు వేరుగా వైద్యం ఏర్పాటు చేయించాడు. మందు మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించాడు. బాటల వెంట బావులు తవ్వించి, చెట్లు పెట్టించాడు. ఆ నీళ్లు, ఆ నీడ ఎవరికి? మనుషులకూ పశువులకూ అని శాసనమే చెబుతోంది. ఎండాకాలం రాయలసీమ దారుల్లో మేకల మందతో నడిచినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది.

బండల మీది ఆ మాట లాంటిదే ఈనాడూ ఒకటుంది: అడవులను, చెరువులను, వన్యప్రాణులను కాపాడడం, ప్రాణుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుడి విధి అని మన రాజ్యాంగంలో 1976లో చేర్చారు. 51ఎ అధికరణంలో ఉంది.