మొండితనం కాదు, చేతకాని బాధ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. రిటైరయ్యాక మనలో చాలామందికి మనవల పెంపకమే ఉద్యోగం. అందుకే ఈ విషయం మీ ముందుంచుతున్నాను.

గర్భిణి తాగిన మద్యం మాయ గుండా బిడ్డ రక్తంలోకి చేరుతుంది. కల్లయినా, బీరయినా, వైనయినా ఒకటే. ఇంతవరకు ఫరవాలేదని చెప్పగల మోతాదు లేదు. మెదడుకు కలిగిన హాని జీవితాంతం ఉంటుంది. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో జోన్స్, స్మిత్ అనే డాక్టర్లు దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దీని అన్ని రూపాలనూ కలిపి నేడు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రం డిజార్డర్స్ అంటున్నారు.

కొందరి ముఖంలో గుర్తులుంటాయి: చిన్న కళ్లు, పలుచని పైపెదవి. చాలామందిలో ఏ గుర్తూ కనబడదు. గలగలా మాట్లాడతారు, కానీ నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. డబ్బు లెక్క, టైము లెక్క అందవు. ఎవరేం చెప్పినా నమ్మేస్తారు. బడిలో మొద్దు, ఇంట్లో మొండి అనిపించుకుంటారు. మనం "చెయ్యడు" అనుకునేది నిజానికి "చెయ్యలేడు".

దెబ్బలవల్ల ప్రయోజనం లేదు. రోజూ ఒకే వేళకు ఒకే క్రమం ఉండాలి. "స్నానం చేసి, బట్టలేసుకుని, సంచి సర్దుకో" అనకుండా "స్నానం చెయ్యి" అని ఆగాలి. అది అయ్యాకే రెండో మాట. చెప్పిందే విసుక్కోకుండా మళ్లీ చెప్పాలి. పెద్దయ్యాక కూడా డబ్బు విషయంలో ఒకరి తోడుండాలి. చిన్నతనంలోనే గుర్తించి, నిలకడైన ఇంట్లో పెంచితే తర్వాతి చిక్కులు తగ్గుతాయని ఆన్ స్ట్రైస్‌గుత్ బృందం 1996లో తెలిపింది. ఆ నిలకడకు కావలసిన తీరిక, ఓపిక మన దగ్గరున్నాయి.

ఒక్క మనవి. తల్లిని నిందించకండి. గర్భం వచ్చిందని తెలియకముందే తాగినవారుంటారు, వ్యసనంలో చిక్కుకున్నవారూ ఉంటారు. ఆమె నిజం చెబితే డాక్టరుకు జబ్బు పోల్చుకోవడం తేలికవుతుంది. ఇంట్లో "ఎవరి పాపం?" అన్న మాట వినబడితే ఆమె నోరు విప్పదు. నష్టపోయేది బిడ్డే.

అనుమానం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం 2013లో మొదలైన జాతీయ పథకం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. బుద్ధిమాంద్యం ఉన్నవారికి పరీక్షలు, శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది.